లాక్ దగ్గర క్యూ కడితే కొత్త డిస్క్ ఏం చేస్తుంది?

"రైట్లు స్లోగా ఉన్నాయంటే డిస్క్ స్లో అని అర్థం. ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) వేసి, థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) పెంచండి. ఫైల్ సిస్టమ్ లాక్‌ల గొడవ లైనక్స్‌లో ఎప్పుడో తీరిపోయింది." ఈ సలహా ఎన్ని చేతులు మారి నా దాకా వచ్చిందో! చివరి మాట నుంచి మొదలుపెడతాను, మిగతా రెండూ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి.

లాక్ అంటే ఒకరు పనిలో ఉండగా ఇంకొకరిని ఆపే గడియ. తీరిపోయింది బిగ్ కెర్నల్ లాక్ గొడవ, అంటే లైనక్స్ కెర్నల్ మొత్తానికీ ఒకటే ఉన్న గడియ గొడవ. అది 2011లో, లైనక్స్ 2.6.39తో పూర్తిగా పోయింది. ఫైలుకొకటి చొప్పున ఉండే ఐనోడ్ (ఫైలు వివరాలుండే కెర్నల్ రికార్డు) లాక్ మాత్రం ఎక్కడికీ పోలేదు. 2016లో 4.7 వచ్చినప్పుడు దాన్ని మ్యూటెక్స్ (ఒక్కరికే దారిచ్చే లాక్) నుంచి రీడర్-రైటర్ సెమఫోర్‌గా (చదివేవాళ్లంతా కలిసి రాగల లాక్) మార్చారు. దాంతో ఒకే డైరెక్టరీలో పేర్లు వెతికేవాళ్లకు సుఖం దక్కింది. రాసేవాళ్లది పాత కథే: ఒకరు బయటికొస్తేనే ఇంకొకరు లోపలికి.

ఇక "థ్రెడ్లు పెంచండి". ఎనిమిది థ్రెడ్లు ఒకే ఫైల్లోకి రాస్తున్నాయనుకోండి. ఒకటి మొదటి జీబీలో, ఇంకొకటి ఐదో జీబీలో. ఒకదాని బైట్లు ఇంకొకదానికి తగలనే తగలవు. అయినా ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే రెండు ఫైల్ సిస్టమ్‌లలోనూ మామూలు బఫర్డ్ రైట్ (ముందు మెమరీలోకి రాసేది) ఆ ఫైలు మొత్తానికీ లాక్ పట్టుకుంటుంది. మిగతా ఏడింటిలో కొన్ని సీపీయూని తింటూ గిరగిరా తిరుగుతాయి, కొన్ని నిద్రపోతాయి. ఆ నిద్ర టాప్ (నడుస్తున్న ప్రోగ్రాంలను చూపే కమాండ్)లో "డి" అని కనిపిస్తుంది. డి అంటే డిస్క్ అనుకుని చాలామంది బోల్తా పడేది ఇక్కడే (నేనూ పడ్డాను). ఆ థ్రెడ్ కెర్నల్ స్టాక్ (కెర్నల్‌లో ఎక్కడ ఆగిందో చూపే ఫంక్షన్ల జాబితా) తీసి చూడండి. పైన 'ఆర్‌డబ్ల్యూసెమ్_డౌన్_రైట్_స్లోపాత్' అని ఉంటే అది లాక్ కోసం నిలబడ్డట్టు. లోడ్ యావరేజ్ (నడుస్తున్న, ఇలా ఆగి ఉన్న పనుల సగటు) పెరుగుతుంది, ఐవోవెయిట్ (డిస్క్ కోసం సీపీయూ ఖాళీగా గడిపిన సమయం) మాత్రం అందుకు తగ్గట్టు కదలదు.

ఇలాంటప్పుడు థ్రెడ్‌కో ఫైలు ఇవ్వడమే తేలిక మందు. ఉన్న బ్లాకుల మీదే, అలైన్‌మెంట్ (బ్లాకు హద్దులు) పాటిస్తూ డైరెక్ట్ ఐవోతో (మెమరీ కాష్‌ను దాటి నేరుగా) రాసినా లాక్‌ను పంచుకోనిస్తారు. కొత్త ఫైళ్లు సృష్టించేటప్పుడు పట్టుకునేది పేరెంట్ డైరెక్టరీ లాక్. అందుకే లక్ష ఫైళ్లను ఒకే డైరెక్టరీలో కుమ్మరించే బదులు విడగొట్టడం మేలు. గిట్ తన ఆబ్జెక్టులను 256 సబ్‌డైరెక్టరీల దాకా విడగొట్టి పెడుతుంది కదా, ఆ పద్ధతిలో.

ఎన్‌వీఎంఈ సంగతి. ఆ ప్రమాణం 65,535 ఐవో క్యూలను అనుమతిస్తుంది, లైనక్స్ బ్లాక్ లేయర్ కూడా 2014లో 3.13తో మల్టీ-క్యూ బాట పట్టింది. అదంతా ఐనోడ్ లాక్‌కు దిగువన జరిగే పని. పైగా మామూలు రైట్ కాల్ డేటాను పేజ్ కాష్‌లోకి, అంటే మెమరీలోకి కాపీ చేసి తిరిగొచ్చేస్తుంది, చాలాసార్లు డిస్క్ మొహం కూడా చూడదు.

డర్టీ పేజీలు (ఇంకా డిస్క్‌కు చేరని డేటా) పరిమితికి చేరి కెర్నల్ రాసేవాళ్లకు బ్రేకులు వేస్తుంటే మాత్రం డిస్క్ వేగం లెక్కలోకి వస్తుంది. ఎఫ్‌సింక్ (డేటా డిస్క్‌కు చేరేదాకా ఆగే కాల్) విషయంలో ఆ సలహాకు ఇంకాస్త న్యాయం చేయాలి. ఈఎక్స్‌టీ4లో ఫైల్ సిస్టమ్ మొత్తానికీ జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) ఒకటే. ఒక ప్రోగ్రాం ఎఫ్‌సింక్ పిలిస్తే పక్క ప్రోగ్రాం మెటాడేటా (ఫైళ్ల వివరాలు) కూడా అదే కమిట్‌లో (చిట్టాకెక్కే విడతలో) ఎక్కుతుంది. అక్కడ వేగమైన డిస్క్ నిజంగానే పనికొస్తుంది. ఇంకో తమాషా: థ్రెడ్లు పెంచినా లాభమే, ఎందుకంటే వేర్వేరు ఫైళ్ల ఎఫ్‌సింక్‌లు కొన్ని కలిసి ఒకే కమిట్‌లో వెళ్లిపోతాయి.