మా బరువు మాకే ఉండనివ్వండి

స్త్రీవాదులు మగవాళ్ళ దగ్గర్నుంచి ఏదో లాగేసుకుంటున్నారన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. ఏం లాగేసుకుంటున్నారో మాత్రం ఇంతవరకూ ఎవరూ శ్రద్ధగా లెక్క రాయలేదు. ఆ కొరత తీర్చడానికే ఈ వ్యాసం. పురుషజాతి పరువు కాపాడమని నన్నెవరూ అడగలేదు. అయినా మన దగ్గర మగవాడికి బాధ్యతలు అడిగి అప్పగించే ఆనవాయితీ ఎక్కడుంది గనుక?

ముందు మన ప్రధాన ఆస్తి, సంపాదన. ఉద్యోగం పురుష లక్షణం అన్నారు పెద్దలు. ఆ లక్షణానికి ధర కట్టే పద్ధతి కూడా వాళ్ళే పెట్టిపోయారు. గ్రూప్ వన్ కుర్రాడికో రేటు, సాఫ్ట్‌వేర్ కుర్రాడికో రేటు, అమెరికాలో ఉన్నవాడికో రేటు, హెచ్‌వన్ లాటరీలో పేరు రాక సర్దుకుని వచ్చేసినవాడికి ఇంకో రేటు. పదెకరాల మాగాణి ఉన్నా సొంతంగా వ్యవసాయం చేసుకునేవాడికి రేటు మాట దేవుడెరుగు, పిల్లనిచ్చేవాడే లేడు. ఆ పిల్లను కన్న రైతు కూడా ఇవ్వడు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఇచ్చినా, పుచ్చుకున్నా నేరమే అంటోంది. ఆ చట్టాన్ని మనం ఎంత గౌరవిస్తామంటే, ముట్టజెప్పేటప్పుడు రసీదు కూడా అడగం.

ఇంత సలక్షణమైన ఏర్పాటు ఉండగా స్త్రీవాదులొచ్చి మనుషుల్ని వేలం వేయకండి అంటారు. ఆడపిల్ల తండ్రి కోసమే అంటున్నారనుకుని మనం మండిపడ్డాం. వేలం పాటలో బల్ల మీద నిలబెట్టింది మన కుర్రాణ్ణే కదా అన్న సంగతి ఆ ఊపులో తట్టలేదు. తట్టినా ఒప్పుకోం. పాట పాడేవాళ్ళు లేకపోతే మన విలువెంతో మనకెవరు చెబుతారు?

వేలంలో నెగ్గినవాడికి ఆ తర్వాత దక్కే భోగం ఇంకొకటుంది. కంపెనీ నుంచి లేఆఫ్ మెయిల్ వచ్చిన మర్నాడు కూడా మామూలు వేళకే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని బయటపడి, సాయంత్రం దాకా ఏ కాఫీ కొట్టులోనో కూర్చుని, ట్రాఫిక్ ఎక్కువగా ఉందని విసుక్కుంటూ ఇల్లు చేరడం. మామగారికి తెలియకూడదు, బావమరిదికి అసలే తెలియకూడదు. భార్యకు నిక్షేపంలాంటి ఉద్యోగం ఉంది కదా, నాలుగు నెలలు ఆవిడ జీతంతో గడవదా అని స్త్రీవాదులు అమాయకంగా అడుగుతారు. ఎందుకు గడవదు, గడుస్తుంది. కానీ పెళ్ళాం సంపాదన తింటున్నాడన్న మాట పడటం కంటే క్రెడిట్ కార్డు మీద నూటికి మూడు రూపాయల నెలవడ్డీ కట్టడమే మగతనం.

మరి ఈ బాధ ఎవరికైనా చెప్పుకోవచ్చా? చెప్పుకోకూడదు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని సామెత. ఒకే వాక్యంతో ఇద్దరి నోళ్ళూ నొక్కేసిన ఇంత పొదుపైన సామెత ఇంకో భాషలో ఉందో లేదో. ఆవిడ నవ్వు ఆవిడ మింగాలి, వీడి ఏడుపు వీడు మింగాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవారు 1,70,924 మంది. అందులో మగవాళ్ళు 1,22,724 మంది. ఈ అంకె చూపించి ఇదంతా భార్యల వల్లే, స్త్రీల చట్టాల వల్లే అని వాట్సాప్‌లో వాదించే మిత్రులు నాకున్నారు. నాకేమో ఆ సామెతే గుర్తొస్తుంది. ముందురోజు దాకా "ఏం లేదు, బానే ఉన్నా" అన్నవాళ్ళు వీళ్ళలో ఎందరో ఏ పట్టికలోనూ ఉండదు. కౌలు రైతు అప్పెంతో ఇంట్లో చెప్పడు. వాడు పోయాక షావుకార్లు గుమ్మంలోకి వస్తే ఆవిడకు తెలుస్తుంది. అప్పు ఆవిడ నెత్తికొస్తుంది. కాగితాల్లో భూమి ఆవిడ పేర లేదు గనుక రైతు అన్న గుర్తింపు మాత్రం రాదు.

సరే, మళ్ళీ మన పరువు సంగతికి వద్దాం.

స్త్రీలు సంఘటితమైతే మగవాడికి ఎంత నష్టమో తెలియాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట చరిత్ర చదవాలి. 1992 ప్రాంతంలో అక్కడి ఆడవాళ్ళు వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు దిద్దుకుంటూ, కూలి డబ్బులు ఎక్కడికి పోతున్నాయని ఆలోచించారు. చదువు చెప్పిస్తే వచ్చే తంటాయే ఇది. సారా కొట్టు మూయించారు. ఊరూరా చీపుళ్ళు పట్టుకుని సారా వేలంపాటలు ఆపారు. 'వారుణి వాహిని' అని ముచ్చటగా పేరు పెట్టి సర్కారే పొట్లాలు కట్టి అమ్మిన సారాను 1993లో సర్కారే నిషేధించాల్సి వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం కూడా వచ్చింది. ఈ దాడిలో మగవాళ్ళు తీవ్రంగా నష్టపోయారు. కొందరికి కాలేయాలు బాగుపడ్డాయి. కొందరు శనివారం కూలి డబ్బులతో ఆదివారం దాకా నిలబడగలిగారు. అదృష్టవశాత్తూ 1997లో నిషేధం సడలించి మన కాలేయాల మీద హక్కు మనకు తిరిగి ఇప్పించారు.

ఇంటిపని గురించి ఎక్కువ మాట్లాడను, అక్కడ మన కోట చెక్కు చెదరలేదు. కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం 2019లో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చించారు. 2024కి ఆవిడ లెక్క 289కి దిగింది. ఆవిడ పది నిమిషాలు తగ్గించుకుంటే మనం చూస్తూ ఊరుకుంటామా? మనమూ తొమ్మిది తగ్గించుకుని 88కి వచ్చాం. ఇక పిల్లల పెంపకం. 2017 సవరణతో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చారు, అదే చట్టంలో తండ్రి ఊసు లేదు. కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు దొరుకుతాయి. కాన్పు రోజు నుంచే వాడుకుంటే, ఇరవై ఒకటో రోజు బారసాల చేసే ఇళ్ళలో బిడ్డకు పేరు పెట్టకముందే తండ్రి ఆఫీసులో ఉంటాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, నాన్నతో మాట్లాడటానికి ఏమీ ఉండదేమిటని ఆ బిడ్డ ఆశ్చర్యపోతాడు.

అన్నిటికంటే ఘనంగా కాపాడుకున్నది ఇంకొకటుంది, కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఇందులో తెలుగువాళ్ళ కీర్తి దేశమంతా తెలిసిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద పెళ్ళయిన స్త్రీలలో 37.9 శాతం మంది తాము ఆపరేషన్ చేయించుకున్నామన్నారు. భర్తలకు అయినది 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ చేయించుకున్నామన్న ఆడవాళ్ళు 70 శాతానికి దగ్గర్లో ఉన్నారు. పొట్ట కోయాల్సిన ఆపరేషన్ ఆవిడది. కుట్లు కూడా పడకుండా అరగంటలోపు ముగిసి, ఆ రోజే ఇంటికి పంపేసేది మనది. అందుకే ఆవిడకు వదిలేశాం. మనకు ఆపరేషన్ అయితే నీరసం వస్తుంది, బరువులెత్తలేం, సంపాదించేవాళ్ళం కదా. ఆవిడ ఆపరేషన్ అయిన నెలకే నీళ్ళ బిందె చంకనెత్తుకుంటుందంటే, మరి అది బరువు కింద రాదు కాబట్టి.

ఈ భయానికి చరిత్ర లేకపోలేదు. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే 62 లక్షల మంది దాకా మగవాళ్ళకు వేసెక్టమీలు చేశారు. చాలాచోట్ల లాక్కెళ్ళి చేశారు. ఆ కోపం న్యాయమైనది, ఎన్నికల్లో ప్రభుత్వాన్నే దింపింది. తర్వాత వచ్చినవాళ్ళు బుద్ధి తెచ్చుకుని మగవాళ్ళ జోలికి రావడం మానేశారు, టార్గెట్లు మాత్రం మానలేదు. వాటిని ఆడవాళ్ళ వైపు తిప్పారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. అందరూ ఆడవాళ్ళే.

ఏటా అదే నవంబరులో సర్కారు వారు మగవాళ్ళ కోసం వేసెక్టమీ పక్షోత్సవాలు జరుపుతారు. పోస్టర్లు మనకు, కౌన్సెలింగు మనకు, ప్రోత్సాహకం కూడా ఆవిడకంటే మనకే ఎక్కువ. మనం ఇంటి దగ్గరుండి పిల్లల్ని చూసుకుంటాం, ఒక్క పూటే కదా. బల్ల ఎక్కడానికి ఆవిడ వెళ్ళొస్తుంది.