శరీరకార్యాలంటే ఒంటి మీద యుద్ధం కాదు

"శరీరాన్ని జయించండి" అని ప్రసంగం మొదలైతే చాలు, అందరికీ తట్టేది కామం, తిండి, నిద్ర. అపొస్తలుడు పౌలు తన పత్రికల్లో రాసిన 'సార్క్స్' అనే గ్రీకు మాటను (తెలుగు బైబిల్లో 'శరీరం') ఇలా ఒంటికి కుదించేయడం నాకు మింగుడుపడదు.

గలతీ 5:19–21 తీసి లెక్కపెట్టండి. మన తెలుగు బైబిల్లో అక్కడ శరీరకార్యాలంటూ 15 పేర్లున్నాయి. జారత్వం, అపవిత్రత, కాముకత్వం, మత్తతలు, అల్లరితో కూడిన ఆటపాటలు: ఒంటి కోరికలు ఈ ఐదే. విగ్రహారాధన, అభిచారం (చేతబడి) ఆరాధనకు సంబంధించినవి. ద్వేషాలు, కలహం, మత్సరాలు, క్రోధాలు, కక్షలు, భేదాలు, విమతాలు, అసూయలు, ఈ ఎనిమిదీ మనిషికీ మనిషికీ మధ్య పుట్టేవి. సంఘాన్ని రెండుగా చీల్చినవాడు 40 రోజులు ఉపవాసమున్నా శరీరానుసారంగానే నడుస్తున్నాడు!

ఇంకా పదునైన మాట గలతీ 3:3. ఆత్మతో మొదలుపెట్టి శరీరంతో ముగిస్తారా అని పౌలు గద్దించింది తాగుబోతులను కాదు, సున్నతిని, ధర్మశాస్త్రాన్ని నమ్ముకోబోతున్న భక్తిపరులను. ఫిలిప్పీ 3లో శరీరాన్ని ఆస్పదం (ఆధారం) చేసుకోవడమంటే ఎనిమిదో రోజు సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడనే పేరు. అంటే దేవుణ్ణి పక్కనపెట్టి తన పుట్టుక మీద, తన నిష్ఠ మీద నిలబడాలనుకునే మనిషి మొత్తం. సార్క్స్ వెనుక పాత నిబంధనలోని హీబ్రూ మాట 'బాసార్' (మాంసం, శరీరం) ఉంది: సర్వశరీరులు గడ్డి అని యెషయా 40:6 అన్నది పాపం గురించి కాదు, మనిషి నిలకడలేనితనం గురించి.

దేహానికి పౌలు ఎక్కువగా వాడేది 'సోమా'. 1 కొరింథీ 6:19లో ఆత్మకు ఆలయమన్నది దాన్నే. రోమా 8:13 లాంటి చోట్ల రెండూ దగ్గరవుతాయి, నిజమే. కానీ కొలొస్సీ 2:23 చూడండి: సోమాను ఎంత శిక్షించినా సార్క్స్ అణగదంటాడు. ఒంటిని మాడ్చుకొని అహంకారం పెంచుకున్నవాళ్ల సంగతి ఇదే.

అలాగని సార్క్స్ ఉన్న ప్రతిచోటా 'పాపస్వభావం' అని పెట్టేయడమూ తప్పే. ముందు ఆ మాటకు ఎదురుగా ఏముందో చూడాలి. ఆత్మ ఎదురుగా ఉండి, నడవడం గురించి చెబుతుంటే పౌలు మందలిస్తున్నట్టే. వంశం గురించైతే, రోమా 1:3లో దావీదు సంతానం అన్నట్టు, అది ఉత్త పుట్టుక. గలతీ 2:20లో 'శరీరమందు జీవిస్తున్న' అంటే ఈ లోకంలో బతుకుతున్న అని, అంతే. యోహాను 1:14లో వాక్యం అయింది కూడా సార్క్సే. అక్కడ పాపస్వభావం అని పెట్టి చదివితే క్రీస్తునే పాపిని చేసినట్టవుతుంది.