నోకియా సీఈఓ నిజంగా ఏడ్చాడా?

వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. నోకియాను మైక్రోసాఫ్ట్ కొనేసిన రోజు ప్రెస్‌మీట్‌లో నోకియా సీఈఓ “మేం తప్పేమీ చేయలేదు, అయినా ఎందుకో ఓడిపోయాం” అని కన్నీళ్లు పెట్టుకున్నాడట. పక్కనున్న పెద్దలూ ఏడ్చారట. దాని కింద నీతి: నోకియా కొత్తవి నేర్చుకోలేదు, మారలేదు, చివరికి బతికే అవకాశమే పోగొట్టుకుంది, మీరూ మారకపోతే మీ గతీ అంతే. అప్రైజల్స్ దగ్గరపడితే చాలు, ఆఫీసు గ్రూపుల్లో ఇది మళ్లీ లేస్తుంది. ముక్క ముక్కగా విడదీసి చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ.

ముందు కన్నీళ్ల సంగతి. ఆ మాట ఎవరు విన్నారో, ఎక్కడ రాశారో మెసేజ్ చెప్పదు. ఒప్పందం ప్రకటించింది 2013 సెప్టెంబర్ 3న. అప్పటి సీఈఓ స్టీఫెన్ ఎలాప్ 2010లో మైక్రోసాఫ్ట్ నుంచే వచ్చాడు, అమ్మకం పూర్తయ్యాక తిరిగి అక్కడికే వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఆయనకు దాదాపు 1.88 కోట్ల యూరోలు ముడతాయని తెలిసి ఫిన్లాండ్‌లో పెద్ద దుమారమే రేగింది. పైగా తప్పు చేయలేదని అనడం కాదు, చేశామని రాతపూర్వకంగా ఒప్పుకున్నది ఆయనే. 2011 ఫిబ్రవరిలో ఉద్యోగులకు పంపిన లేఖ బయటికి పొక్కింది. వెనకబడ్డాం, పెద్ద మార్పులను పట్టుకోలేకపోయాం, మన మంటల్లో మనమే పెట్రోలు పోసుకున్నాం అన్నది దాని సారాంశం.

ఇక అసలు ఆరోపణ: నోకియా కొత్తదనం లేక పోయిందని. ఇది పూర్తిగా తలకిందుల మాట. ఈమెయిల్, ఫ్యాక్స్ చేసుకోగల కమ్యూనికేటర్ ఫోన్‌ను ఆ కంపెనీ 1996లోనే తెచ్చింది. 2005లో టచ్‌స్క్రీన్ ఇంటర్నెట్ టాబ్లెట్ అమ్మింది. 2007లో మార్కెట్లోకి వచ్చిన నోకియా ఎన్95 ఫోన్‌లో జీపీఎస్, 5 మెగాపిక్సెల్ కెమెరా, 3జీ అన్నీ ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన తొలి ఐఫోన్‌లో జీపీఎస్ లేదు, 3జీ లేదు, కెమెరా 2 మెగాపిక్సెల్. 2010లో నోకియా గ్రూపు పరిశోధనకు పెట్టిన ఖర్చు 500 కోట్ల యూరోలు దాటింది. యాపిల్ పెట్టింది 200 కోట్ల డాలర్ల లోపే.

మరి దెబ్బ ఎక్కడ తగిలింది? సాఫ్ట్‌వేర్‌లో. నోకియా ఫోన్లను నడిపిన సింబియాన్ కీప్యాడ్ కాలపు ఆపరేటింగ్ సిస్టమ్. దానిమీద టచ్ ఫోన్లకు యాప్‌లు రాయడం డెవలపర్లకు నరకం. దాని బదులు తయారుచేస్తున్న మీగో ఎంతకీ తెమల్లేదు. టిమో వూరి, క్వీ హ్యూ అనే ఇద్దరు పరిశోధకులు నోకియా మేనేజర్లు, ఇంజనీర్లతో సహా 76 మందితో మాట్లాడి తేల్చిందేమిటంటే, లోపల భయం రాజ్యమేలింది. పైవాళ్లు గడువుల కోసం ఒత్తిడి పెట్టారు, మధ్యస్థాయి మేనేజర్లు చెడు వార్త చెబితే ఏమవుతుందోనని నోరు మూసుకున్నారు. సింబియాన్ ఎంత వెనకబడిందో పైవాళ్లకు అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. చివరికి మీగోతో ఎన్9 అనే ఫోన్ బయటికొచ్చింది, చూసినవాళ్లు మెచ్చుకున్నారు కూడా. కానీ కంపెనీ అప్పటికే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ అయిన విండోస్ ఫోన్‌కు మాటిచ్చేసింది కాబట్టి అమెరికా, బ్రిటన్‌లలో దాన్ని అమ్మకానికే పెట్టలేదు. చేసిన మంచి వస్తువును అమ్మకుండా దాచుకున్న కంపెనీని ‘కొత్తవి నేర్చుకోలేదు’ అంటే ఎలా?

“ఆండ్రాయిడ్ తీసుకుని ఉంటే ఈరోజు శాంసంగ్ స్థానంలో ఉండేది” అని ఈ మెసేజ్ కింద ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు. విండోస్ కన్నా మెరుగ్గానే ఉండేదేమో. అయితే ఆండ్రాయిడ్ తీసుకున్న ఎల్‌జీ 2021లో ఫోన్ల వ్యాపారమే మూసేసింది. ఆండ్రాయిడే తీసుకున్న హెచ్‌టీసీ ఫోన్లూ మార్కెట్లో దాదాపు కనుమరుగయ్యాయి.

‘బతికే అవకాశం పోగొట్టుకుంది’ అన్నది మరీ విడ్డూరం. మైక్రోసాఫ్ట్ కొన్నది ఫోన్ల విభాగాన్ని, కంపెనీని కాదు. 544 కోట్ల యూరోల ఒప్పందంలో 165 కోట్లు పేటెంట్లు వాడుకునే లైసెన్సు కోసమే. పేటెంట్లు మాత్రం నోకియా దగ్గరే ఉండిపోయాయి. ఆ తర్వాత 2016లో అల్కాటెల్-లూసెంట్‌ను సొంతం చేసుకుంది. ఇప్పుడు ఎయిర్‌టెల్, జియోల 5జీకి పరికరాలు ఇస్తున్న వాళ్లలో నోకియా కూడా ఉంది. 1865లో కాగితపు గుజ్జు మిల్లుగా మొదలై, రబ్బరు బూట్లు, కేబుళ్ల మీదుగా ఫోన్లకు వచ్చిన సంస్థ అది. ఇంకోసారి వ్యాపారం మార్చుకుంది, అంతే. కొన్న మైక్రోసాఫ్ట్ మాత్రం 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసుకుంది.

మిగిలింది ‘మీరూ మారకపోతే’ అనే బెదిరింపు. చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ ఉండేది, వేలమంది పనిచేసేవారు. పన్ను వివాదంలో ఆదాయపు పన్ను శాఖ ఆస్తులను స్తంభింపజేయడంతో ఆ ఫ్యాక్టరీ మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లలేదు. కొన్నాళ్లు మైక్రోసాఫ్ట్ ఆర్డర్ల మీద నడిచింది, అవీ ఆగిపోయాక 2014 నవంబర్ 1న మూతపడింది. అక్కడ లైన్‌లో నిలబడి ఫోన్లు బిగించిన అమ్మాయిలు ఏ కోర్సు నేర్చుకుని ఉంటే ఆ ఉద్యోగాలు మిగిలేవో, మెసేజ్ పంపేవాళ్లే చెప్పాలి.