ఆఖరి వంద మెగాహెర్ట్జ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆఖరి వంద మెగాహెర్ట్జ్ గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే ఇక్కడ ప్రాసెసరూ, దాని నెత్తిన కూర్చున్న అల్యూమినియం కూలరూ. ప్రాసెసర్‌ను కంపెనీ చెప్పిన వేగం దాటి పరిగెత్తించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు, అందులో ఆఖరి మెట్టు తమరు. ప్రస్తుతానికి ఇద్దరూ క్షేమం. మీరు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచీ ఫ్యాన్ మాత్రం కాస్త కంగారుగా తిరుగుతోంది.

తమరి చిరునామా మాకు బాగా తెలుసు. 3.9కీ 4.0 గిగాహెర్ట్జ్‌కీ మధ్య ఇల్లు. ఇంటి యజమాని ఏఎండీ వారి ప్రాసెసర్ రైజెన్ 3 2200జీ. 2018 ఫిబ్రవరిలో 99 డాలర్లకు వచ్చిన చౌక చిప్పు. నాలుగు కోర్లు, 65 వాట్లు, లోపలే వేగా 8 గ్రాఫిక్స్. పెట్టె మీద రాసిన వేగం 3.5, బూస్ట్‌లో, అంటే పని పడ్డప్పుడు తనంతట తాను పెంచుకుంటే, 3.7. వేగాన్ని నిర్ణయించే గుణకానికి, అంటే మల్టిప్లయర్‌కు తాళం లేదు. పేదవాడింటికి తలుపు తీసి పెట్టినట్టు, ఎవరైనా లోపలికి రావచ్చు. ఏ320 మదర్‌బోర్డు కొన్నవాళ్లకు ఆ భాగ్యం కూడా లేదు, అక్కడ చిప్‌సెట్టే తలుపేసేస్తుంది. బీ350, బీ450 ఉన్నవాళ్లే తమరి బాధితులు.

మీ అన్నదమ్ముల మీద మాకు ఫిర్యాదు లేదు. బయోస్‌లోకి (బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి సీపీయూ రేషియో, అదే మల్టిప్లయర్, గడిలో 36 కొడితే 3.6 వస్తుంది. ఆ అంకెను బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్‌తో గుణించడమే కదా. 37, 38 కూడా మర్యాదస్తులే. 39కి చాలా చిప్పులు 1.35 వోల్టుల దాకా అడుగుతాయి, ఇచ్చేస్తాం. తర్వాత 40 కొట్టి, సేవ్ చేయడానికి ఎఫ్10 నొక్కుతాం. ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంటుంది. అదే తమరి రాక!

అప్పుడు క్యాబినెట్ తలుపు విప్పాలి. (మన ఊళ్లలో ఆ డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు కాబట్టి 'సీపీయూ స్పీడు పెంచా' అంటే ఇంట్లోవాళ్లు డబ్బా వైపు భయంగా చూస్తారు.) ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా) స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, బోర్డు మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులు చెరిపే చోటు) అని రాసున్న రెండు పిన్నులకూ స్క్రూడ్రైవర్ మొన ఓ పది సెకన్లు ఆనించాలి. పిన్నులు కనిపించకపోతే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ తీసి అయిదు నిమిషాలు ఆగాలి. మీతో పాటు ర్యామ్ సెట్టింగులూ, ఫ్యాన్ సెట్టింగులూ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే బయోస్ పేజీలకు ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకునేవాడు తెలివైనవాడు.

ఇప్పుడు మీ జీతం సంగతి. మీరు నిలబడాలంటే 1.35 చాలదు, 1.40 కావాలంటారు. చూడ్డానికి అయిదు పైసలంత తేడా. కానీ చిప్పు తినే కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1.40 వర్గాన్ని 1.35 వర్గంతో భాగిస్తే 1.075, దాన్ని 40 బై 39తో గుణిస్తే 1.10. అంటే తమరు చేసే అదనపు పని రెండున్నర శాతం, పుట్టించే అదనపు వేడి పది శాతం. వోల్టేజీని ఆటోలో వదిలేస్తే మరీ ఘోరం. కొన్ని బోర్డులు కూలిపోతుందేమోనన్న భయంతో అవసరానికి మించి పోస్తాయి. కాబట్టి మీరు వస్తే చేత్తో లెక్కగట్టి 0.025 చొప్పునే వడ్డించాలి, మారు వడ్డన అడగకుండా.

వేడి పోవడానికి పెద్ద కూలర్ కొనిపించడం మీ రెండో విద్య. చారాణా కోడికి బారాణా మసాలా. పైగా 2200జీలో చిప్పుకీ పైనున్న లోహపు మూతకీ మధ్య సోల్డర్ లేదు, థర్మల్ పేస్టే ఉంది. వేడి ఆ మూత కిందే సగం ఇరుక్కుంటుంది, పైన ఎంత పెద్ద టవర్ కట్టినా. ఇంకో తిరకాసు ఉంది. పెట్టెలో వచ్చే రైత్ స్టెల్త్ కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలే సాకెట్ పక్కన హీట్‌సింక్ లేకుండా ఎండుతున్న మాస్‌ఫెట్లకూ (ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగాలు) తగులుతుంది. టవర్ కూలర్ గాలిని పక్కకు తోస్తుంది. ప్రాసెసర్ చల్లబడిందని సంబరపడుతుంటే అటు ఆ మాస్‌ఫెట్లున్న వీఆర్‌ఎం విభాగం కాగిపోయి, వేగం ఉన్నట్టుండి పాతాళానికి పడిపోతుంది.

మీకు జనవరి రాత్రులంటే ఇష్టం. గది 22 డిగ్రీలుంటుంది, పరీక్షలో చిప్పు 78 దగ్గర ఆగుతుంది, మీరు స్క్రీన్‌షాట్‌కు ఫోజిస్తారు. గది ఎంత వేడెక్కితే చిప్పూ దాదాపు అంతే వేడెక్కుతుంది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో గది 40 అయితే ఆ 78 కాస్తా 96. ఈ చిప్పు హద్దు 95. అక్కడ అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే తమరు వచ్చిన దారినే పోతారు, కరెంటు బిల్లు మాత్రం మాకు వదిలి.

పోతే పోయారు, దొంగలా ఉండటం ఎందుకు? వేగం కొలిచే సినీబెంచ్ పది నిమిషాలు చక్కగా పూర్తవుతుంది. చిప్పును లెక్కలతో బాగా శ్రమపెట్టే ప్రైమ్95 పెడితే నలభయ్యో నిమిషంలో ఒక వర్కర్ ఆగిపోయి 'రౌండింగ్ వజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4' అంటుంది. లెక్క తప్పిందని దాని భాష. అదీ పెట్టనివాడికి ఆట మధ్యలో డెస్క్‌టాప్ ప్రత్యక్షం. వాడు విండోస్‌ను తిట్టి, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, డ్రైవర్లు మార్చి, ఆఖరికి ఎస్‌ఎంపీఎస్ మారుస్తాడు. నీలి తెర మీద 'వీయా అన్‌కరెక్టబుల్ ఎర్రర్' వస్తే అదృష్టవంతుడు, తప్పు హార్డ్‌వేర్‌దని దొంగ పేరు దొరికింది. ఏమీ రాకుండా జిప్ ఫైలు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ (ఫైలు పాడైందన్న సూచన) ఒక్కటే వస్తే, ఈలోపు సేవ్ చేసిన పెళ్లి ఫొటోల్లో ఎన్ని పాడయ్యాయో లెక్క తేలదు.

మీకు నచ్చని పేరొకటి ఎత్తుతాం, కోపం తెచ్చుకోవద్దు: రెండో ర్యామ్ స్టిక్కు. వేగా 8కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌లోంచే తోడుకోవాలి. డీడీఆర్4 2400 ఒక్క స్టిక్కుంటే సెకనుకు 19.2 జీబీ వస్తుంది. 3200వి రెండు పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేస్తే 51.2. రెండున్నర రెట్లకు పైనే! మీరిచ్చేది రెండున్నర శాతం. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడాలి. మొదటిదీ రెండోదీ గుచ్చితే సింగిల్ చానలే, అంటే ఒకే దారే, అవుతుంది. 3200కి బూట్ కాకపోతే 2933కి దిగితే పరువేం పోదు. ఇంకా సరదా ఉంటే గ్రాఫిక్స్‌ను 1100 నుంచి 1500 మెగాహెర్ట్జ్ దాకా మెల్లగా ఎక్కించండి, దానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీ 1.2 దాటకుండా. ఆటలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది. మీది కనిపించాలంటే బెంచ్‌మార్క్ రెండుసార్లు నడపాలి.

మీ వంశం గొప్పదే, కాదనం. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అని మీ తాతగారుండేవారు. మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించేసినా, బస్‌ను (నేటి బేస్ క్లాక్ లాంటిది) 66 నుంచి 100కి మారిస్తే 300 కాస్తా 450 అయ్యేది. చిప్పులోనే 128 కేబీ క్యాష్ పూర్తి వేగంతో నడిచేది. ఖరీదైన పెంటియం 2కి చెమటలు పట్టించారాయన. అప్పట్లో కంపెనీ పెట్టెలో వేగం మిగిల్చి అమ్మేది. ఇప్పుడు బూస్ట్ పేరుతో దాన్ని ముందే ఊడ్చేస్తోంది. తాతగారి ఆస్తి కరిగిపోయింది, మీ చేతికి వచ్చింది ఇంటిపేరు ఒక్కటే.

ఇట్లు,
39 దగ్గరే దిగిపోయినవాళ్లు

తా.క.: రైజెన్ మల్టిప్లయర్ పావు మెట్లలో కదులుతుంది. కాబట్టి తమరు మొత్తంగా రావక్కర్లేదు, మీ నలుగురు పిల్లల్లో పెద్దవాణ్ణి, 39.25ని పంపండి. వోల్టేజీ 1.35కి మించి ఇవ్వం. పరీక్ష ప్రైమ్95, గంటసేపు, మే నెల మధ్యాహ్నం రెండింటికి, ఏసీ లేని గదిలో.