డెడ్‌వుడ్: జూదం కాపాడిన గోడలు

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో డెడ్‌వుడ్ అని ఓ చిన్న ఊరుంది. జనాభా 1,200కు అటూ ఇటూ. కొండరాతిలో అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన మౌంట్ రష్‌మోర్ చూసొద్దామని బయల్దేరిన మనవాళ్లు ఇంకో గంట కారు నడిపితే ఈ ఊరు తగులుతుంది. మెయిన్ స్ట్రీట్‌లో ఒక సలూన్ గుమ్మం పైన పాత కుర్చీ ఒకటి పెట్టి ఉంటుంది. (సలూన్ అంటే కటింగ్ షాపు కాదు, బార్.) 1876 ఆగస్టు 2న పేకాటలో ఉన్న పేరుమోసిన తుపాకీ వీరుడు వైల్డ్ బిల్ హికాక్‌ను జాక్ మెకాల్ వెనక నుంచి కాల్చి చంపాడు. అప్పుడు బిల్ కూర్చున్న కుర్చీ ఇదేనట. నిజానికి ఆ హత్య జరిగింది ఈ చోట కాదు. పైగా 1879లో పెద్ద మంటలు లేచి ఊళ్లో దాదాపు 300 కట్టడాలు బూడిదయ్యాయి. మరి కుర్చీ ఎలా బతికిందని ఎవరూ అడగరు. అడిగితే బీరు రుచి చెడుతుంది.

1961లో ఊరు మొత్తాన్నీ జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. బోర్డు పెట్టారు సరే, పైకప్పులు బాగుచేయడానికి డబ్బేదీ? 1987 డిసెంబర్‌లో మెయిన్ స్ట్రీట్‌లోని సిండికేట్ బిల్డింగ్ కాలిపోయింది. ఊరివాళ్లకు దడ పుట్టింది. జూదాన్ని చట్టబద్ధం చేసి, దాని పన్నుతో పాత కట్టడాలను కాపాడుకుంటామన్నారు. 1988లో రాష్ట్ర ఓటర్లు సరేనన్నారు. 1989 నవంబర్‌లో ఆట మొదలైంది. మొదట్లో పందెం 5 డాలర్లు మించకూడదన్నారు. 2000లో అది 100 అయింది, 2012లో 1,000.

ఈ పథకాన్ని తిట్టిపోయడం తేలిక. నేను తిట్టను. ఊరు ఇరుకైన లోయలో ఉంది. ఇళ్లు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటాయి. ఒక్కో ఇంటి కింద మట్టి జారకుండా రాతి గోడ. ఆ గోడ కూలితే పై ఇల్లు వచ్చి కింది ఇంటి మీద పడుతుంది. సొంత డబ్బుతో అలాంటి గోడ మళ్లీ కట్టించడం మామూలు కుటుంబం వల్ల అయ్యే పని కాదు. జూదం నిధి నుంచి ఆ గోడలకు గ్రాంట్లు ఇస్తున్నారు. టూరిస్టు ఫొటోలో కనిపించని ఈ పనే నా దృష్టిలో అసలైన పరిరక్షణ.

మెయిన్ స్ట్రీట్ కథ వేరు. స్లాట్ మెషీన్లు (జూదం యంత్రాలు) వచ్చాక స్థలాల ధరలు భగ్గుమన్నాయి. బట్టల కొట్టు, సరుకుల కొట్టు నడుపుకునేవాళ్లు ఒక్కొక్కరే అమ్ముకుని వెళ్లిపోయారు. మొదటి షెరీఫ్ (పోలీసు పెద్ద) సెత్ బులక్ 1890లలో కట్టించిన హోటల్ బయటి నుంచి చక్కగా ఉంది, లోపల కేసినో. ముందుగోడ చరిత్రది, వెనక ఉన్నదంతా వ్యాపారానిది. జాగ్రత్తగా తోలు తీసి పులిని బొమ్మ చేసి నిలబెట్టినట్టు.

ఇంతకంటే నన్ను బాధపెట్టేది వింగ్ సూ కట్టడం. ఫీ లీ వాంగ్ అనే చైనా వ్యాపారి బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో ఇక్కడికి వచ్చి, పట్టు బట్టలూ పింగాణీ సామాన్లూ మూలికా మందులూ అమ్మాడు. ఈ కట్టడం ఆయన కొట్టుదే. 2001 నుంచి 2004 దాకా పురావస్తు నిపుణులు ఊళ్లోని చైనాటౌన్ (చైనీయుల పేట) నేలను ఓపిగ్గా తవ్వారు. 2005 డిసెంబర్‌లో యజమాని ఆ ఇటుక కట్టడాన్ని కూలగొట్టించాడు. భూమిలోని పెంకుల మీద ఉన్న శ్రద్ధ నేల మీద నిలబడ్డ గోడను కాపాడలేకపోయింది. అదే హికాక్ పేరున్న కట్టడమైతే ఊరు ఊరుకునేదా? నిధి ఉంటే చాలదు. ఏది కూలబోతోందో ముందే కనిపెట్టి కొనేసే అధికారం, తెగువ కూడా ఉండాలి. తుపాకీ వీరుల కథ టికెట్లు అమ్ముతుంది, కిరాణా కొట్టు కథ అమ్మదు. అలాంటప్పుడు ఆ డబ్బు ఎటు వంగుతుందో వేరే చెప్పాలా?

అసలు ఈ ఊరి పుట్టుకే అక్రమం. అమెరికా ప్రభుత్వం 1868లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ఈ ఊరున్న బ్లాక్ హిల్స్ కొండలు అక్కడి ఆదివాసులైన సూ (Sioux) తెగలవి. బంగారం కోసం వచ్చినవాళ్లు ఆ మాట తొక్కేసి గుడారాలు వేశారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు ఆ భూమికి నష్టపరిహారం ఇవ్వాల్సిందేనంది. సూ ప్రజలు ఇప్పటికీ ఆ డబ్బు ముట్టలేదు, భూమే కావాలంటున్నారు. వీధిలో టూరిస్టుల కోసం ఆడే తుపాకీ నాటకాల్లో ఈ అంకం ఉండదు.

పక్కనే లీడ్ ఊరుంది. అక్కడి హోమ్‌స్టేక్ బంగారు గని 2002లో మూతపడి, తర్వాత భూగర్భ ప్రయోగశాల అయింది. న్యూట్రినోల (దేన్నైనా దూసుకుపోయే అతి చిన్న కణాల) మీద నోబెల్ తెచ్చిన రే డేవిస్ ప్రయోగం జరిగింది ఈ గనిలోనే. మన కోలార్ గనుల్లో కూడా 1960లలో న్యూట్రినోలను పట్టారు, ఆ గనులు 2001లో మూతపడ్డాయి. లీడ్‌లోని ఆపెరా హౌస్ (నాటకశాల) 1984లో కాలిపోయింది. దాన్ని విరాళాలు పోగేసుకుంటూ మెల్లగా బాగుచేసుకుంటున్నారు. ఆ పని నత్తనడకే. అయినా అందులో స్లాట్ మెషీన్లు పెట్టాల్సిన అవసరం రాలేదు.

డెడ్‌వుడ్ కొండ మీద మౌంట్ మొరాయా శ్మశానం ఉంది. వచ్చినవాళ్లంతా నేరుగా హికాక్ సమాధి దగ్గరికి నడుస్తారు. అదే శ్మశానంలో చైనీయుల భాగం కూడా ఉంది, అక్కడ నైవేద్యాలు కాల్చే పొయ్యిని మళ్లీ కట్టారు. చుట్టూ ఉన్న సమాధుల్లో చాలావరకు ఖాళీ. ఎముకలను ఎప్పుడో తవ్వి తీసి, సొంత ఊళ్లకు పంపేశారు.