శబ్దం గుట్టు తేలిపోతే సమాజం ఏమైపోవాలి?

పికప్ బండి ఇంజనులోంచి కొత్త శబ్దం మొదలైతే, దాని కారణాన్ని పది పదిహేను నిమిషాల్లో పట్టేసే పద్ధతులు కొన్ని ఈ మధ్య విచ్చలవిడిగా ప్రచారంలోకి వస్తున్నాయి. ఖర్చు లేదు, పెద్ద చదువు అక్కర్లేదు, ఎవరైనా చేసుకోవచ్చట. ఇంతకంటే ప్రమాదకరమైన విషయం ఇంకోటి ఉండదు. వీటిని వెంటనే అరికట్టాలని బాధ్యత గల పౌరుడిగా డిమాండ్ చేస్తున్నాను.

అసలు ఇప్పుడున్న ఏర్పాటులో లోపమేముంది? నూజివీడు వైపు నుంచి నున్న మార్కెట్‌కి మామిడికాయల లోడుతో వస్తున్న పికప్పు రోడ్డు పక్కన ఆగి, బానెట్ పైకి లేస్తే చాలు. పిలవకుండానే జనం చేరతారు. ఆటో దిగినవాడు, టీ గ్లాసు పట్టుకున్నవాడు, జన్మలో మోటారు సైకిలు తప్ప ఏదీ నడపనివాడు, అందరికీ అక్కడ సమాన హక్కు. "ఏంటి బాబాయ్, టకటకమంటోందా, టపటపమంటోందా?" అని మొదటి ప్రశ్న. "కటకటరా, సరిగ్గా విను" అని జవాబు. దీని మీదే పావుగంట గడుస్తుంది. ఈలోపు ఎవరో ఒకరు "ఒకసారి రేస్ చెయ్యన్నా" అంటారు. డ్రైవరన్న యాక్సిలరేటర్ ఆఖరిదాకా తొక్కుతాడు. లోపల నిజంగానే బేరింగు అరిగి ఉంటే, ఆ తొక్కుడుకి ఇంజను అడుగున తిరిగే క్రాంక్ షాఫ్టు కూడా గీసుకుపోతుంది. పోతే పోయింది, వెనక నిలబడ్డవాళ్లకి కూడా స్పష్టంగా వినిపించాలి కదా.

తర్వాత బండి విజయవాడ ఆటోనగర్ చేరుతుంది. అక్కడ ఒక్కో పనికి ఒక్కో షాపు, ఒక్కో షాపుకి ఒక్కో సిద్ధాంతం. ఇంజన్లోకి డీజిలు చిమ్మే నాజిల్, పంపు చూసే షాపు ముందు ఆగితే నాజిల్ కొడుతోందంటారు. లేతు షాపు ముందు ఆగితే క్రాంకు గ్రైండింగుకి వచ్చిందంటారు. టర్బో షాపులో టర్బో. సెల్ఫ్, డైనమో చూసేవాడైతే బ్యాటరీ చార్జ్ చేసే ఆల్టర్నేటర్ బేరింగు. వీళ్లెవరూ అబద్ధం చెప్పరు, ఆ మాట నేను గట్టిగా అంటాను. రోజంతా నాజిళ్లే విప్పే మనిషికి గుడిగంట విన్నా నాజిలే గుర్తొస్తుంది. కాబట్టి బండికి ఏ జబ్బు రావాలన్నది పార్కింగ్ ఎక్కడ దొరికిందన్న దాన్ని బట్టి తేలుతుంది. ఇందులో ఒక న్యాయం ఉంది. అందరికీ ఎప్పుడో ఒకప్పుడు పని దొరుకుతుంది.

ఇంత చక్కగా నడుస్తున్న వ్యవస్థలోకి దూరిన మొదటి శత్రువు డిప్‌స్టిక్. చూడ్డానికి సన్నటి ఇనప పుల్ల. బండి చదునైన చోట ఆపి, ఇంజను ఆపాక కాసేపాగి, దాన్ని లాగి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి తీస్తే ఆయిలు ఎంతుందో చెప్పేస్తుంది. గీత కిందికి ఉంటే, పైన వాల్వుల్ని కదిపే ట్యాపెట్ల దగ్గర టిక్కుటిక్కుమనడానికీ కింద బేరింగులు కొట్టుకోవడానికీ సగం కారణం అక్కడే దొరికినట్టు. చర్చకి చోటెక్కడుంది? బానెట్ చుట్టూ చేరిన అంతమందిలో ఒక్కరు కూడా ఆ పుల్ల జోలికి వెళ్లకపోవడం మన సంస్కారం ఇంకా బతికే ఉందనడానికి గుర్తు.

రెండో శత్రువు మంచినీళ్ల సీసా. పొద్దున్నే స్టార్ట్ చెయ్యగానే కీచుమని అరిచే బండికి, తిరుగుతున్న ఫ్యాన్‌బెల్టు మీద దూరం నుంచి నాలుగు చుక్కలు చిలకరిస్తారట. అరుపు ఆగినా, పెరిగినా, ఏ రకంగా మారినా తప్పు బెల్టుదో, దాని బిగుతుదో, అది తిరిగే పుల్లీల వరసదో. ఏమీ మారకుండా గరగరమంటూనే ఉంటే వాటర్ పంపు బేరింగు వైపో ఆల్టర్నేటర్ వైపో చూడాలట. ఇలా నాలుగు చుక్కలతో తేల్చేస్తే, ఇంజను దింపాలని తీర్మానించిన పెద్దల మర్యాద ఏం కావాలి?

మూడోది పొడుగు స్క్రూడ్రైవర్. మొన ఇంజను మీద, పిడి చెవి దగ్గర. 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు కాగితం చుట్టి రోగి గుండె మీద పెట్టి విన్నాడు, స్టెతస్కోపు అక్కడ పుట్టింది. మన మేస్త్రీలు అదే పని ఇనుముతో చేస్తారు, కన్సల్టేషన్ ఫీజు లేకుండా. పంపు మీద, ఆల్టర్నేటర్ మీద, ట్యాపెట్ కవర్ మీద, కింద బ్లాకు మీద వరుసగా పెట్టి, ఎక్కడ ఎక్కువ మోగితే అక్కడ వేలు చూపిస్తారు. తిరిగే ఫ్యాను దగ్గర మెడలో తువ్వాలుతో వంగకూడదన్న ఒక్క నియమం తప్ప దీనికి అడ్డేమీ లేదు. అనుభవమున్న మేస్త్రీ అయితే లయ కూడా పట్టేస్తాడు. క్రాంకు రెండు చుట్లు తిరిగితే, పైన ట్యాపెట్లని నడిపే క్యాము ఒక్క చుట్టే తిరుగుతుంది. అందుకే ట్యాపెట్ దగ్గరి టిక్కు నిదానంగా, కింది క్రాంకు దగ్గరి దెబ్బ దానికి రెట్టింపు వేగంగా పడతాయి. తాళం విని రోగం చెప్పే ఇలాంటి మనుషుల్ని ఏదో ఒక సంగీత సభకి పంపేసి, ఆటోనగర్‌ని కాపాడుకోవాలి.

వీటన్నిటికంటే దుర్మార్గమైనది ఒక ప్రశ్న. "ఎప్పుడొస్తోందన్నా? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా?" అడిగేది చిన్న మాటే, కొంపలు ముంచుతుంది. పొద్దున స్టార్టింగ్‌లో దడదడలాడి, ఇంజను వేడెక్కేకొద్దీ తగ్గిపోతే పిస్టను బోరులో కాస్త వదులుగా ఆడుతోందని అనుమానం. చల్లగా ఉన్నప్పుడు చుఫ్ చుఫ్‌మని, ఇనుము వేడికి వ్యాకోచించాక సద్దుమణిగితే పొగగొట్టం మొదట్లో ఉండే మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర పొగ కారుతుండొచ్చు. వేడెక్కి ఆయిలు పలచబడ్డాక, లోడు మీద ఎత్తు ఎక్కుతుంటే ఠంగుఠంగుమని బరువుగా కొడితే మాత్రం పిస్టన్‌ని క్రాంకుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు బేరింగు. క్లచ్ తొక్కితే మారే శబ్దం చాలాసార్లు ఇంజనుది కాదు, క్లచ్ బేరింగుదో గేర్‌బాక్సుదో. బండి కదిలేటప్పుడు కిందనుంచి ఠక్కుమంటే వెనక చక్రాలకి వెళ్లే షాఫ్టు జాయింటు క్రాసు. ఇలా డ్రైవరు నోటిమాటతోనే సగం అనుమానాలు కొట్టేస్తే, రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికొచ్చేదాకా ఓపిక పట్టే సంప్రదాయం ఎలా నిలుస్తుంది? బేరింగులు మార్చుకుని పోయే బండికీ ఇంజను మొత్తం మార్చాల్సిన బండికీ మధ్య ఉన్న తేడాలో ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో ఈ ప్రశ్నలడిగేవాళ్లు ఆలోచించరు.

ఒక్కచోట వ్యంగ్యం పక్కన పెడతాను. పాత డీజిలు బండ్లలో నడుస్తున్న ఇంజను మీదే ఒక్కో నాజిల్ పైపు నట్టు కాస్త వదులు చేసి, ఏ సిలిండరు ఆపితే కొట్టుడు ఆగుతుందో చూసేవాళ్లు. పద్ధతి మంచిదే. కానీ ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే గొట్టం నుంచి డీజిలు అందే ఇంజన్లలో, ఊరికే నడుస్తున్నప్పుడే వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, లోడు మీద వెయ్యి బార్ కూడా దాటుతుంది. అక్కడ నట్టు వదులు చేస్తే సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. చూడ్డానికి సూది గుచ్చినంతే కనిపించి, వేలో చెయ్యో తీసేసేదాకా రావచ్చు. పాత మేస్త్రీ మీద ఎంత గౌరవమున్నా ఈ పని చెయ్యనివ్వకండి. సిలిండర్లు ఒక్కోటీ ఆపి చూడ్డానికి బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ ఉంది.

స్కానర్ అన్నాను కదా, అదొక్కటే మనకి అండగా నిలిచిన ఆధునిక పరికరం. అరిగిన బేరింగు, ఊగుతున్న సైలెన్సర్ రేకు, వదులైన మౌంటింగు దానికి చాలాసార్లు కనిపించవు. అందుకని బండి గణగణమని మోగుతున్నా తెర మీద ఏ కోడూ రాదు. "కంప్యూటర్లో ఏమీ లేదండి" అంటారు. కంప్యూటర్లో లేనిది బండిలో ఎలా ఉంటుంది? ఉందంటున్నవాడి చెవి చూపించుకోవాలి.

ఇక దూరవైద్యం. శబ్దాన్ని ఫోన్లో రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టడం ఇప్పుడు మర్యాద. అంత చిన్న మైకులో బరువైన దెబ్బ పలచబడిపోయి, పోయిన బేరింగూ ట్యాపెట్టూ దాదాపు ఒక్కలాగే వినిపిస్తాయి. అందువల్ల ఎవరి సిద్ధాంతానికీ భంగం రాదు. టెక్సస్‌లో ఉన్న బావగారు తన పికప్పు అనుభవంతో "పెట్రోలు మార్చి చూడు, ఎక్కువ ఆక్టేన్‌ది పోయించు, నాకింగ్ పోతుంది" అని సలహా ఇస్తారు, నాకింగ్ అంటే ఈ కొట్టుడే. ఆయన బండి పెట్రోలుది, మనది డీజిలుది. డీజిలు ఇంజనులో చిమ్మిన ఇంధనం అంటుకోవడానికి క్షణంలో చిన్న ముక్కంత ఆలస్యమవుతుంది, ఆ తర్వాత ఒక్కసారిగా మండుతుంది, కాబట్టి కొంత కొట్టుడు దాని పుట్టుకలోనే ఉంది. ఇవన్నీ బావగారికి చెప్పకండి. పండక్కి వచ్చేది ఆయనే.

చివరి మార్గంగా పాటల సౌండు పెంచడం ఉంది. ఇది పనిచెయ్యదని ఎవరూ నిరూపించలేదు. పెద్దయ్య పక్క సీట్లో కూర్చుని "ఏదో మోగుతోందిరా" అంటే ఇంకాస్త పెంచొచ్చు.

అది కూడా చాలనప్పుడు బండి అమ్మేస్తారు. పోస్తారు చిక్కటి ఆయిలు, దాంతో బేరింగుల చప్పుడు కొన్నాళ్లు మెత్తబడుతుంది. కొనేవాడు వచ్చే గంట ముందే ఇంజను స్టార్ట్ చేసి వేడెక్కించి పెడతారు, పొద్దున్నే వచ్చే దడదడ వినపడకుండా. పెద్దలిచ్చిన విద్య ఇది. అయితే ఇక్కడా కొందరు దొరుకుతున్నారు. వచ్చీ రాగానే బానెట్ మీద అరచెయ్యి ఆనించి, వేడిగా ఉందని తెలిశాక "తొందరేం లేదన్నా, చల్లారనీ, అలా టిఫిన్ చేసొస్తా" అని తాళాలు జేబులో వేసుకుని వెళ్లిపోతారు. అలాంటి మనిషికి బండి అమ్మకండి.