గుంత పూడ్చే పవర్ లేదు, పన్ను వేసే పవర్ మాత్రం ఉంది

ఇంగ్లండ్‌లో పారిష్ కౌన్సిల్ అంటే ఊరి కౌన్సిల్, చర్చి కమిటీ కాదు, ముందు ఆ డౌట్ తీర్చేసుకుందాం. ఒకప్పుడు ఇంగ్లండ్ పల్లెల్లో ఊరి వ్యవహారాలన్నీ చర్చి పెద్దలే చూసేవాళ్లు, 1894లో గ్లాడ్‌స్టన్ సర్కారు తెచ్చిన చట్టంతో ఆ పెత్తనం తీసి ఎన్నికైన కౌన్సిళ్ల చేతిలో పెట్టారు, పెళ్లయిన ఆడవాళ్లు కూడా ఓటేయొచ్చు, పోటీ చేయొచ్చు అని ఆ చట్టంలోనే రాశారు. పార్లమెంటుకి ఓటేసే హక్కు వాళ్లకి 1918 దాకా రాలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు ఇంగ్లండ్ మొత్తమ్మీద ఇలాంటి కౌన్సిళ్లు ఓ 10,000 ఉంటాయి, మెంబర్లు లక్ష మంది దాకా, దాదాపు అందరూ పైసా తీసుకోకుండా పనిచేసేవాళ్లే.

మన గ్రామ పంచాయతీ లాంటిదే కదా అంటారు చాలామంది. పైకి చూస్తే అంతే. కానీ ఒక పల్లె కౌన్సిల్ ఏడాది పొడవునా ఏం చేస్తుందో మినిట్స్ తిరగేస్తూ కూర్చుంటే రెండిటికీ ఎక్కడ తేడా కొడుతోందో అర్థమవుతుంది. మన పంచాయతీకి కాగితం మీద పనులు కొండంత, రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో ఏకంగా 29 అంశాలు రాసిపెట్టారు. పారిష్ కౌన్సిళ్లకి ఉన్న పనులు చూస్తే నవ్వొస్తుంది. వీటి పైన రెండంచెల కౌన్సిళ్లుంటాయి, పెద్దది కౌంటీ, దాని కింద డిస్ట్రిక్ట్. రోడ్లు కౌంటీవి, స్కూళ్లు కౌంటీవి, చెత్త ఎత్తేది డిస్ట్రిక్ట్, ఇళ్లకి పర్మిషన్ ఇచ్చేదీ డిస్ట్రిక్టే. మిగిలిందేంటయ్యా అంటే పిల్లల ఆటస్థలం, శ్మశానం, బస్ షెల్టర్, బెంచీలు, అలాట్‌మెంట్లు అని కూరగాయలు పండించుకోడానికి అద్దెకిచ్చే చిన్న చిన్న మళ్లు, వీధిదీపాలు కొన్నిచోట్ల, చలికాలం రోడ్డు మీద చల్లే ఉప్పు డబ్బాలు, యుద్ధంలో పోయినవాళ్ల స్మారకం. అంతే.

ఇంకో రకం పనులు కూడా ఉన్నాయనుకోండి. ఊరి మధ్యలో ఎవరూ వాడని ఎర్ర టెలిఫోన్ బూత్ ఉంటుంది చూడండి, దాన్ని బీటీ కంపెనీ 2008 నుంచి ఒక్క పౌండుకి ఊరికి అప్పజెప్తోంది, చాలా కౌన్సిళ్లు దాన్ని తీసుకుని లోపల ఫోన్ బదులు డీఫిబ్రిలేటర్ పెట్టించాయి. గుండె ఆగి పడిపోయినవాడికి అంబులెన్స్ వచ్చేలోపు షాక్ ఇచ్చే మెషిన్ అది. పెట్టించడంతో పని అయిపోదు, బ్యాటరీ ఉందా, ప్యాడ్‌ల డేట్ అయిపోయిందా అని ఎవరో ఒకరు వారం వారం వెళ్లి చూడాలి, ఆ పని ఎవరిదో మినిట్స్‌లో రాసుంటుంది. ఇలాంటి పనికి రిబ్బన్ కటింగ్ ఉండదు, ఫ్లెక్సీ ఉండదు, అయినా ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది.

ఏడాది వాళ్లకి మే నెలలో మొదలవుతుంది. ఆ నెల మీటింగ్‌లో ముందు చైర్మన్ని ఎన్నుకోవాలి, వేరే ఏ పనైనా ఆ తర్వాతే. జూన్ ఆఖరులోపు లెక్కలు పాస్ చేయాలి. ఎండాకాలమంతా గడ్డి గొడవ, ఎవరు కోస్తారు, ఎన్నిసార్లు కోస్తారు, అంచులు వదిలేశారు అని. నవంబర్‌లో స్మారకం దగ్గర పూలచక్రం. ఆకులు రాలి కాలవలు మూసుకుపోయి నీళ్లు ఇళ్లలోకొస్తే ఆ చలికాలం అదే టాపిక్. జనవరికల్లా వచ్చే ఏడాది పన్ను తేల్చాలి. మార్చి వస్తే ఊరంతా గ్లవుజులేసుకుని చెత్త ఏరడం, ఆ తర్వాత జూన్ 1 లోపు ఒకసారి ఊరి ఓటర్లందరితో మీటింగ్ పెట్టాలి, మన గ్రామసభ అనుకోండి. వచ్చేది పదిమందే, అందులో సగం కౌన్సిలర్లే, ఈ విషయంలో మాత్రం మనకీ వాళ్లకీ ఏం తేడా లేదు.

మామూలు మీటింగ్‌కి మూడు రోజుల ముందే అజెండా బోర్డు మీద పెట్టాలి, అది కూడా పెట్టిన రోజు, మీటింగ్ రోజు, ఆదివారం, సెలవులు లెక్కలోకి రావు. అజెండాలో లేని విషయం మీద నిర్ణయం తీసుకుంటే చెల్లదు. పబ్లిక్ మాట్లాడ్డానికి ఓ పావుగంట ఇస్తారు, ఆ పావుగంటలో ఏ ఊరైనా సరే మూడే గోలలు: బండ్ల స్పీడు, కుక్కల పెంట, రోడ్డు మీద గుంతలు. గుంత మనది కాదండీ కౌంటీకి రిపోర్ట్ చేశాం అని క్లర్క్ చెప్తుంది, అడిగినాయనకి ఆ సంగతి తెలుసు, పోయిన నెలా ఇదే అడిగాడు.

స్పీడు సంగతే తీసుకోండి. ఊళ్లో 30 మైళ్లు లిమిట్, పొద్దున ఆఫీసులకెళ్లేవాళ్లు 45లో దూసుకుపోతుంటారు. కౌన్సిల్‌కి ఫైన్ వేసే అధికారం లేదు, స్పీడ్ బ్రేకర్ వేసే అధికారమూ లేదు. చేయగలిగిందల్లా డబ్బులు పోగేసి నీ స్పీడ్ ఇంత అని చూపించే లైటు బోర్డు కొనడం, దాన్ని తగిలించే స్తంభం కౌంటీది కాబట్టి దానికీ పర్మిషన్ అడగడం, కొన్ని వారాలకోసారి ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి మార్చడం (ఒకేచోట ఉంటే జనం అలవాటుపడి చూడ్డం మానేస్తారు), అందులోంచి డేటా దించుకుని ఫలానా రోడ్డులో పొద్దున ఇన్ని బండ్లు ఇంత స్పీడులో వెళ్లాయి అని పోలీసులకి పంపడం. ఇంకా ఓపికుంటే ఊరివాళ్లే పచ్చ జాకెట్లేసుకుని స్పీడ్ గన్ పట్టుకుని రోడ్డు పక్కన నిలబడతారు, నంబర్లు రాసిస్తే పోలీసులు ఆ డ్రైవర్లకి వార్నింగ్ లెటర్ పంపిస్తారు. ఇంతా చేస్తే స్పీడు కాస్త తగ్గుతుందేమో. ఇదంతా చూస్తే పవర్ లేని చోట పని అంటే చాలావరకు అడగడం, మళ్లీ అడగడం, ఆధారం చూపించి ఇంకోసారి అడగడమే అనిపిస్తుంది.

మరి ఇంత చిన్న సంస్థ 130 ఏళ్లు ఎలా నిలబడింది? నా లెక్క ప్రకారం ఒకటే కారణం, దాని డబ్బు దానిది. ప్రిసెప్ట్ అంటారు, మాకు వచ్చే ఏడాదికి ఇంత కావాలి అని పారిష్ కౌన్సిల్ తీర్మానం చేసి డిస్ట్రిక్ట్‌కి పంపిస్తే, వాళ్లు ఆ ఊరి ఇళ్ల కౌన్సిల్ ట్యాక్స్‌లో (మన ఇంటి పన్ను లాంటిది) కలిపి వసూలు చేసి వీళ్లకి ఇచ్చేయాలి. ఎందుకు అంత అని అడిగే హక్కు వాళ్లకి లేదు, తగ్గించే హక్కూ లేదు. 2025-26లో సగటు బ్యాండ్ డి (విలువని బట్టి మధ్య రకం) ఇంటికి మొత్తం కౌన్సిల్ ట్యాక్స్ 2,280 పౌండ్లయితే అందులో పారిష్ వాటా, పారిష్‌లు ఉన్న ఏరియాల్లో, సగటున 92 పౌండ్లు. నెలకి 8 పౌండ్లు కూడా కాదు. కానీ ఆ చిన్న మొత్తం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

ఇప్పుడు మన వైపు చూడండి. 2024 జనవరిలో ఆర్బీఐ పంచాయతీల ఆర్థిక పరిస్థితి మీద రిపోర్ట్ ఇచ్చింది, దేశంలో పంచాయతీల ఆదాయంలో సొంత పన్నుల వాటా ఒక్క శాతం దగ్గర, 80 శాతం కేంద్రం గ్రాంట్లు, 15 శాతం రాష్ట్రాలవి. అంటే వంద రూపాయల్లో 95 రూపాయలు పైవాళ్లు వదిలితే వచ్చేవే. ఆ పైవాళ్లు వదలకపోతే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల టర్మ్ అయిపోయింది, ఎన్నికలు 2025 డిసెంబర్ దాకా జరగలేదు, మధ్యలో స్పెషల్ ఆఫీసర్ల పాలన, ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి ఫైనాన్స్ కమిషన్ నిధులూ ఆగాయి. అప్పు తెచ్చి వైకుంఠధామం కట్టించి బిల్లు కోసం తిరిగిన మాజీ సర్పంచుల గోడు అందరికీ తెలిసిందే. ఆంధ్రలో అయితే పంచాయతీ ఖాతాలోకొచ్చిన ఫైనాన్స్ కమిషన్ డబ్బు కరెంటు బకాయిల కింద సర్దేశారని సర్పంచులు రోడ్డెక్కారు. సర్పంచికి చెక్ పవర్ ఉందా లేదా అన్నది మన ఊళ్లలో పెద్ద చర్చ గానీ, చెక్కు రాయడానికి ఖాతాలో సొంత డబ్బు ఉందా అన్నది ఎవరూ అడగరు.

మన ఊళ్లో ఇంటి పన్ను పెంచుతానని ఏ సర్పంచ్ అయినా అంటాడా? అనడు. పారిష్ కౌన్సిలర్లు అంటారు, ప్రతి జనవరి అంటారు, ఎందుకు పెంచుతున్నామో ఒక పేజీ నోట్ పెడతారు. జనం తిడతారు. మా డబ్బు ఏమైంది అని అడగడం అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే బిల్లులో ఆ లైను విడిగా కనపడుతుంది.

లెక్కల సంగతి కూడా చెప్పాలి. ఏడాది ఆదాయం, ఖర్చు 25,000 పౌండ్లు దాటని బుల్లి కౌన్సిళ్లు బయటి ఆడిట్ నుంచి మినహాయింపు తీసుకోవచ్చు, కానీ దానికి బదులుగా 100 పౌండ్లు దాటిన ప్రతి ఖర్చూ వెబ్‌సైట్లో పెట్టాలి. ఏడాదికి 30 పనిదినాలు ఎవరైనా వచ్చి ఓచర్లు, బిల్లులు అన్నీ చూస్తామంటే చూపించాలి. ఇదంతా చూసుకునేది క్లర్క్, జీతం తీసుకునే మనిషి చాలా ఊళ్లలో ఆమె ఒక్కతే, వారానికి కొన్ని గంటల ఉద్యోగం. చైర్మన్ చెప్తే చెక్కు రాసేసే మనిషి కాదు, చట్టప్రకారం డబ్బుకి బాధ్యత ఆమెది. 2021 ఫిబ్రవరిలో వైరల్ అయిన చెషైర్‌లోని హాండ్‌ఫోర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ మీటింగ్ గుర్తుందా, నీకిక్కడ ఏ అధికారం లేదు జాకీ వీవర్ అని, మీటింగ్ నడిపిస్తున్నావిడ మీద అరిచింది? అందరం నవ్వుకుని వదిలేశాం గానీ అసలు గొడవ ఆ మీటింగ్ చట్టబద్ధమా కాదా అన్నది. చైర్మన్ మీటింగ్ పెట్టకపోతే ఇద్దరు మెంబర్లు కలిసి పిలవొచ్చని 1972 చట్టంలో ఉంది, వాళ్లు పిలిచారు, ఆయన ఒప్పుకోలేదు. మన దగ్గర సర్పంచ్ గ్రామసభ పెట్టకపోతే ఇద్దరు వార్డు మెంబర్లు అంత మొండిగా కూర్చోగలరా అని ఆలోచిస్తే ఆ వీడియో కామెడీగా అనిపించదు.

ఇప్పుడు దీని బలహీనత. కుర్చీలు ఎక్కువ, కూర్చునేవాళ్లు తక్కువ. నాలుగేళ్లకోసారి ఎన్నిక వస్తుంది, చాలా పల్లెల్లో సీట్లకి సరిపడా నామినేషన్లే రావు, వచ్చినవాళ్లు పోటీ లేకుండా గెలిచినట్టే. మధ్యలో ఖాళీ వస్తే 14 పనిదినాల్లో పదిమంది ఓటర్లు సంతకాలు పెట్టి ఎన్నిక అడగాలి, ఎవరూ అడగకపోతే కౌన్సిలే తనకి నచ్చిన మనిషిని తీసుకుంటుంది. ఎన్నిక ఖర్చు పారిష్ నెత్తినే పడుతుంది కాబట్టి అడక్కపోతేనే బాగుండు అన్నట్టు ఉంటారు. దాంతో టేబుల్ చుట్టూ కూర్చునేది ఎక్కువగా రిటైరైనవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు. అద్దెకుండే కుర్రాడికి బస్సు కావాలి, వీళ్లకి పార్కింగ్ కావాలి. ఏది అజెండాలో పైన ఉంటుందో చెప్పక్కర్లేదు.

మన దగ్గర ఏకగ్రీవం అంటే సీన్ వేరు. 2021లో ఆంధ్ర ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది, సర్పంచ్ పదవికి గుడి దగ్గర వేలంపాట పెట్టారన్న వార్త రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ఎన్నికకీ వస్తూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఎవరికీ వద్దు కాబట్టి పోటీ లేదు, మన దగ్గర అందరికీ కావాలి కాబట్టి పోటీ లేకుండా చేస్తారు. నన్నడిగితే రెండూ జబ్బులే గానీ రెండోదానికి కనీసం ప్రాణం ఉంది, మన ఊళ్లలో పోలింగ్ రోజు ఎనభై శాతం జనం లైన్లో నిలబడతారు, ఇంగ్లండ్ లోకల్ ఎన్నికల్లో మూడో వంతు వస్తే గొప్ప.

అసలు సిసలు గొడవ మాత్రం ఇళ్ల దగ్గర. ఊరి చివర పొలంలో 200 ఇళ్లు కడతామని బిల్డర్ వస్తే విలేజ్ హాల్ నిండిపోతుంది, మామూలు మీటింగుల్లో కనపడని మొహాలన్నీ వస్తాయి. పారిష్ కౌన్సిల్ అభిప్రాయం చెప్పగలదు, ఆపలేదు. 2011 లోకలిజం చట్టం వచ్చాక ఒక దారి దొరికింది, ఊరే నైబర్‌హుడ్ ప్లాన్ రాసుకుని రిఫరెండంలో గెలిపించుకుంటే డిస్ట్రిక్ట్ దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే, పైగా కొత్త ఇళ్ల మీద వసూలు చేసే సీఐఎల్ లెవీ ఉన్నచోట పారిష్ వాటా 15 శాతం బదులు 25 శాతం. కార్న్‌వాల్లో సెయింట్ ఐవ్స్ 2016లో ఒకడుగు ముందుకేసింది, కొత్తగా కట్టే ఇళ్లు ఇక్కడే కాపురముండేవాళ్లకే, సెలవులకొచ్చేవాళ్లకి కాదు అని పెడితే 83 శాతం మంది సై అన్నారు, కోర్టులోనూ నిలబడింది. తర్వాత ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్) పరిశోధకులు చూస్తే కొత్త ఇళ్ల కట్టుబడి తగ్గింది, డబ్బున్న బయటివాళ్లు పాత ఇళ్ల మీద పడ్డారు. ఊరు గెలిచింది, మార్కెట్ పక్క సందులోంచి వచ్చింది. అలాగని ఆ ఓటు తప్పని నేననను, ఊరికి అంతకంటే పెద్ద ఆయుధం ఎవరూ ఇవ్వలేదు కదా.

రాబోయే రెండు మూడేళ్లు వీటికి అసలు పరీక్ష. 2024 డిసెంబర్లో ప్రభుత్వం వైట్ పేపర్ తెచ్చి కౌంటీ, డిస్ట్రిక్ట్ రెండంచెలు తీసేసి పెద్ద పెద్ద యూనిటరీ కౌన్సిళ్లు పెడతామంది, చాలాచోట్ల 2028 ఏప్రిల్‌కి మార్పు. డబ్బుల్లేని పెద్ద కౌన్సిళ్లు పబ్లిక్ టాయిలెట్లు, పార్కులు, గడ్డి కోత అన్నీ కిందికి తోసేయడం ఆల్రెడీ అలవాటే, స్విండన్‌లో 2017లో టౌన్ మొత్తాన్ని పారిష్‌లుగా చేసింది కూడా ఇలాంటి లెక్కతోనే. పెద్ద కౌన్సిళ్లు పరిమితి దాటి పన్ను పెంచాలంటే రిఫరెండం పెట్టాలి, పారిష్‌కి ఆ పరిమితి లేదు. కాబట్టి భారం ఎటు పారుతుందో ఊహించడం కష్టం కాదు. వారానికి పది గంటల క్లర్క్, ఏడుగురు వాలంటీర్లు కలిసి స్విమ్మింగ్ పూల్ నడపమంటే నడపలేరు. సొంత డబ్బు మంచిదని ఇందాకే అన్నాను, కానీ పై వాడి అప్పుల్ని ఆ 92 పౌండ్లలోంచి తీర్చడం మొదలుపెడితే జనం బిల్లులో ఆ లైను చూసి తిట్టేది కూడా ఈ ఏడుగురినే.

ఇందులో మనవాళ్ల పాత్ర ఏమైనా ఉందా అంటే ఉంది, చాలామందికి తెలీదు అంతే. మిల్టన్ కీన్స్, స్విండన్, వోకింగమ్ లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి, ఆ మూడు ఏరియాలూ పూర్తిగా పారిష్‌లే. ఇండియా పాస్‌పోర్ట్ మీద వీసాతో ఉన్నా సరే కామన్వెల్త్ పౌరులు కాబట్టి లోకల్ ఎన్నికల్లో ఓటుంది. ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) వచ్చి, 18 నిండి, ఆ పారిష్‌లో ఓటరుగా ఉన్నా, లేదా ఏడాదిగా అక్కడ గానీ మూడు మైళ్ల లోపు గానీ ఉంటున్నా కౌన్సిలర్‌గా నిలబడొచ్చు, బ్రిటిష్ పాస్‌పోర్ట్ దాకా ఆగక్కర్లేదు. సంక్రాంతికి, బతుకమ్మకి విలేజ్ హాల్ బుక్ చేయడానికి ఎలాగూ మెయిల్ పెడతాం కదా, అదే మెయిల్లో ఖాళీ సీట్లు ఏమైనా ఉన్నాయా అని కూడా అడగండి, చాలా ఊళ్లలో ఉన్నాయనే జవాబొస్తుంది.